రజ పండగ దాటాక, అక్టోబరు గాలి రాకముందు: పెరటి చెట్టుకు కత్తెర వేళ

2013 అక్టోబరు 12 సాయంత్రం ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. దాని గాలీ వానా గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల దాకా వచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి పర్లాకిమిడి ప్రాంతాన్ని కుదిపేసింది. మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తారీకులు అలా కలవడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ నెల మాత్రం కాదు. రుతుపవనాలు వెనక్కి మళ్లే అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం.

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో తెలుగువాళ్ల పాత ఇళ్ల వెనక ఇంకా పెరళ్లు మిగిలి ఉన్నాయి. ఓ మామిడి, ఓ జామ, గోడవారన పనస, రెండు కొబ్బరి చెట్లు, బావి దగ్గర నిమ్మ, ఎవరూ నాటకుండానే మొలిచిన సీతాఫలం. వీటికి నీళ్లు పోస్తారు, అప్పుడప్పుడు పెంట వేస్తారు. కొమ్మ కత్తిరించడం మాత్రం రెండు సందర్భాల్లోనే జరుగుతుంది. కొమ్మ కరెంటు తీగకు తగిలినప్పుడు, పక్కింటివాళ్లు గొడవ పెట్టినప్పుడు. ఆ రెండూ చెట్టుకు అనువైన వేళకు రావు.

కత్తిరింపుల గురించి ఫోనులో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల ఆపిల్, పియర్ చెట్లవి. శీతాకాలంలో ఆకు రాలి చెట్టు నిద్రపోయినప్పుడు కొయ్యమంటారు. ఆ మాట విని జనవరిలో మామిడికి కత్తెర పెడితే పూతను కోసి పారేసినట్టే. ఈ జిల్లాల్లో కత్తిరింపు వేళను తేల్చేవి రెండు. ఆ చెట్టు ఏ కొమ్మ మీద కాస్తుంది అన్నది మొదటిది. అక్టోబరు నాటికి చెట్టు ఏ స్థితిలో ఉంటుంది అన్నది రెండోది. మొదటి దాన్ని బట్టి జామకూ మామిడికీ వేళలు వేరవుతాయి. రెండోది అన్ని పెద్ద చెట్లకూ ఒకటే.

అక్టోబరులో చెట్టు ఎందుకంత తేలిగ్గా పడిపోతుంది? అప్పటికి నాలుగు నెలలుగా వాన పడుతూ ఉంటుంది. నేల నాని మెత్తబడి వేళ్ల పట్టు సడలుతుంది. వానాకాలపు చిగుళ్లన్నీ ఆకులై తల బరువెక్కుతుంది. అంటే పట్టు అన్నిటికన్నా తక్కువగా, గాలికి ఎదురొడ్డే ఆకు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది సరిగ్గా తుపాను వచ్చే నెలలోనే. ఏప్రిల్, మే నెలల కాలబైశాఖి గాలులు కాయలు రాలుస్తాయి, కొమ్మలు విరుస్తాయి. చెట్టు మొత్తం వేళ్లతో లేవడం అరుదు, ఎందుకంటే అప్పుడు నేల గట్టిగా ఉంటుంది.

నేల కింద మరో సంగతి కూడా ఉంది. నర్సరీలో ప్లాస్టిక్ సంచిలో ఎక్కువ కాలం ఉండిపోయిన అంటు మొక్కకు తల్లివేరు అడుగుకు తగిలి చుట్ట తిరుగుతుంది. అలాగే నాటేస్తే ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ చుట్ట విడిపోదు. టెంక నుంచి నేలలోనే మొలిచిన నాటు పీచు మామిడి గాలికి నిలిచి, పక్కనున్న అంటు మామిడి కూలిందంటే కారణం చాలాసార్లు ఇదే. నాటేటప్పుడు సంచి చింపి చుట్టుకున్న వేళ్లను కత్తిరించడం, వీలైతే పెద్ద మొక్క కన్నా ఏడాది మొక్కనే కొనడం మంచిది. నర్సరీలో ఎత్తైన మొక్కకే గిరాకీ ఎక్కువ. ఆ ఎత్తు ఎన్నేళ్లు సంచిలో పెరిగిందో ఎవరూ అడగరు.

ఇక మామిడి. మామిడి పూత ముదిరిన రెమ్మ కొసన వస్తుంది. ఎర్రగా, రాగి రంగులో వచ్చే లేత చిగురు పచ్చబడి, ముదురాకుపచ్చకు తిరిగి, కనీసం మూడు నాలుగు నెలలు గడిచాక గానీ ఆ రెమ్మ పూతకు సిద్ధం కాదు. కోస్తా వైపు పూత డిసెంబరు, జనవరిలో మొదలవుతుంది. కాబట్టి పూసే రెమ్మ ఆగస్టు నాటికి పుట్టి ఉండాలి. చెట్టు తనంతట తాను అన్ని కొమ్మలకూ ఆ సమయానికి చిగురించదు. ఈ ఏడు కాయ మోసిన రెమ్మలు అలసి ఊరుకుంటాయి, మళ్లీ ఏడాది పూయవు. ఏడు విడిచి ఏడు కాపు అని మనం అనుకునేదానికి ఇదో పెద్ద కారణం. బంగినపల్లి లాంటి పెరటి రకాల్లో ఇది బాగా కనిపిస్తుంది. నీలం, దశేరి కలిపి ఢిల్లీలో రూపొందించిన ఆమ్రపాలి పొట్టిగా పెరిగి ఏటా కాస్తుంది కాబట్టి చిన్న పెరటికి అది సుళువు.

కాయ కోత అయిన వెంటనే, కాయ వేలాడిన కాడను ఒకటి రెండు గణుపుల కిందికి కత్తిరిస్తే ఆ రెమ్మ నిద్ర లేస్తుంది. జూన్ మధ్యలో రజ పండగ వస్తుంది. ఆ మూడు రోజులూ భూమిని దున్నరు, తవ్వరు. మామిడి కొమ్మలకు ఊయలలు కడతారు. కోస్తా వైపు మామిడి కోత దాదాపు అప్పటికి అయిపోతుంది. పండగ దాటిన దగ్గర నుంచి రథయాత్ర హడావిడి ముగిసే దాకా, మహా అయితే జూలై ఆఖరు వరకు మామిడికి కత్తెర వేళ. అప్పుడు కోస్తే చిగురు జూలై, ఆగస్టుల్లో వచ్చి, అక్టోబరుకు గట్టిపడి, డిసెంబరుకు పూతకు తయారవుతుంది. తల కూడా తుపాను నాటికి తేలిగ్గా ఉంటుంది.

చాలామంది ఈ పని సెప్టెంబరు చివర్లో పెట్టుకుంటారు. తుపాను వార్తలు మొదలయ్యాక టెన్షన్ పట్టుకుని, కనపడిన కొమ్మల్లా నరికిస్తారు. చెట్టు పడకపోవచ్చు. కానీ అప్పుడు కోసిన కొమ్మకు చిగురు అక్టోబరు, నవంబరులో వస్తుంది, పూత వేళకు అది ఇంకా లేతగానే ఉంటుంది. వచ్చే ఏడు ఆ వైపు కాయ ఉండదు. పైగా ఆ కాపు పోవడానికి తుపానే కారణమనుకుంటారు. గాలికి ఊగే ఎండు కొమ్మ, ఇంటి కప్పు మీదికి ఒరిగిన విరుగు కొమ్మ అయితే ఏ నెలలోనైనా తీసెయ్యాల్సిందే. పచ్చికొమ్మ సంగతి అలా కాదు.

ఏది కొయ్యాలి అన్నది ఎప్పుడు కొయ్యాలి అన్నదాని కన్నా కష్టం. మొదట ఎండుకొమ్మలు, తర్వాత ఒకదాన్ని ఒకటి రాసుకునేవి, తర్వాత లోపలి నుంచి నిటారుగా పైకి పోయేవి. నడుమ కొమ్మ ఒకటో రెండో తీసేస్తే లోపలికి ఎండ పడుతుంది. ఎండ పడని గుబురులోనే తేనెమంచు పురుగు ఉంటుంది, పూత మాడేదీ అక్కడే. గాలికి కూడా సందు దొరుకుతుంది. అయితే లోపలి చిన్న రెమ్మలన్నీ ఊడ్చేసి, కొమ్మ కొసన మాత్రం గుబురు మిగల్చడం మంచిది కాదు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది గానీ బరువంతా కొసకు చేరి, గాలికి ఆ కొమ్మ మరింత ఊగి విరుగుతుంది. రెండు సమానమైన మానులు ఇరుకు కోణంలో చీలి పెరిగిన చోట, మధ్యలో బెరడు నొక్కుకుపోయి ఉంటే ఆ చీలిక ఎప్పటికైనా చిరుగుతుంది. చెట్టు చిన్నగా ఉన్నప్పుడే అందులో ఒకదాన్ని తీసెయ్యాలి. పెద్దదయ్యాక రెండోదాని పొడవు తగ్గించి బరువు దించడం తప్ప దారి లేదు.

ఒక ఏడాదిలో తలలో పావు వంతుకు మించి తియ్యకపోవడం మేలు. నలభై ఏళ్ల పాత చెట్టును ఒకేసారి మోడు చేస్తే మళ్లీ కాయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అదే పనిని మూడేళ్లకు పంచితే కాపు పూర్తిగా ఆగదు. పెరటి మామిడి పన్నెండు, పదిహేను అడుగుల ఎత్తులో ఉంటే దోటితో కోసుకోవచ్చు. అంతకు మించిన ఎత్తున ఉన్న కాయ గబ్బిలాలకే.

ఇక్కడ అసలు చిక్కు కూలి బేరంలో ఉంది. కొమ్మలు కొట్టేవాడితో మాట్లాడుకునేది ఎలా? కట్టె నువ్వే పట్టుకుపో, కూలీ వద్దు అంటారు, లేదా కట్టె పోగా కొంచెం ఇస్తామంటారు. అప్పుడు అతను ఏ కొమ్మ కొడతాడు? లావు కొమ్మ. సన్నని, రాసుకునే, పురుగు పట్టిన రెమ్మలు అతనికి దండగ. చెట్టుకు తీయాల్సినవి అవే. బేరం అలా కుదిరినప్పుడు మనిషిని తప్పుపట్టి లాభం లేదు. కూలి డబ్బు రోజు లెక్కన ఇచ్చి, కట్టె ఇంట్లోనే ఉంచుకుని, కొయ్యాల్సిన చోట ముందే సుద్దతో గీత గీస్తే పని మరోలా జరుగుతుంది. ఖర్చు కాస్త ఎక్కువే. ఒక ఏడాది మామిడి కాపు విలువతో పోల్చుకుంటే తేలిపోతుంది.

గొడ్డలి, కత్తి పెద్ద కొమ్మలకు పనికిరావు. దెబ్బకు బెరడు చీలి మానులోకి దిగుతుంది. వేలి లావు రెమ్మకు తోట కత్తెర, అంతకు మించితే చేతి రంపం వాడాలి. బరువైన కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మానుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు దాకా ఒక కోత. దానికి రెండంగుళాలు అవతల పై నుంచి రెండో కోత. కొమ్మ అక్కడికి తెగి పడుతుంది, బెరడు ఊడి మానును చీల్చదు. మిగిలిన మొండాన్ని మూడో కోతతో తీయాలి. కొమ్మ మానులో కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక మెడ ఉంటుంది. కోత ఆ మెడకు బయట పడాలి. మానుకు సమంగా నున్నగా కోస్తే గాయం పెద్దదై మెడ పోతుంది, మాను పుచ్చుతుంది. జానెడు మొండెం వదిలినా అది ఎండి పురుగుకు ఇల్లవుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువుగా కోసి చూసి తేల్చిన సంగతి ఇది. చెట్టు గాయాన్ని మాన్పదు, దాని చుట్టూ లోపల గోడ కట్టి కుళ్లును అక్కడే ఆపేస్తుంది. ఆ గోడ కట్టే శక్తి మెడలో ఉంటుంది.

గాయానికి తారు, ఇంటి రంగు పూయడం వల్ల కుళ్లు ఆగదని కూడా ఆయన పని తేల్చింది. మరి కోత మీద రాసే బోర్డో పేస్టు ఎందుకు? అది మూత కాదు, శిలీంద్రాన్ని చంపే మందు. మనం కోసేది వానాకాలం మొదట్లో కాబట్టి మొదటి కొన్ని వారాలకు దాని అవసరం ఉంది. 100 గ్రాముల మైలతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించి, రెండూ కలిపితే లీటరు పేస్టు అవుతుంది. ప్లాస్టిక్ బకెట్టు గానీ మట్టిపాత్ర గానీ వాడాలి, ఇనుము పనికిరాదు. ఇనుప మేకు ముంచి తీస్తే ఎర్రటి పూత పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం. కలిపిన రోజే వాడెయ్యాలి. వాన లేని రెండు మూడు రోజులు చూసుకుని కోస్తే ఇంకా నయం. లోపలి కొమ్మలకు హఠాత్తుగా ఎండ తగిలితే బెరడు కాలుతుంది. అందరూ మాను మొదట్లో అందానికి వేసే సున్నం నిజంగా అవసరమయ్యేది అప్పుడు, ఆ కొమ్మలకు.

జామ మామిడికి పూర్తిగా వ్యతిరేకం. జామ పూత కొత్త చిగురులోనే, ఆకు పక్కనే వస్తుంది. కొయ్యకపోతే కొత్త రెమ్మ తక్కువ, కాయా తక్కువే. పాత జామచెట్టు పైపైన కొసల్లో మాత్రమే కాయడానికి కారణం ఇదే. దాన్ని అలాగే వదిలేస్తే కాపులు రెండు. వేసవి పూతకు వచ్చే వానాకాలపు కాయ, వానాకాలపు పూతకు వచ్చే చలికాలపు కాయ. మొదటిది చప్పగా ఉంటుంది. పండు ఈగ పుట్టలు పుట్టలుగా వాలి, కోసి చూస్తే ప్రతి కాయలోనూ పురుగే. రెండోది గట్టిగా, తియ్యగా, పురుగు లేకుండా నవంబరు నుంచి వస్తుంది. కాబట్టి మే నెలలో రెమ్మల్ని సగానికి కత్తిరించి, వేసవి పూతను కావాలనే పోగొట్టుకోవాలి. ఆ బలమంతా చలికాలపు కాయకు పోతుంది. కాసే చెట్టు మీద కత్తెర పెట్టడానికి పెద్దవాళ్లకు మనసొప్పదు. మే నెలలో పూత మీద ఉన్న జామను కోస్తే ఇంట్లో గొడవే. ఒక పక్క కొమ్మలు మాత్రం కోసి, రెండో పక్క వదిలేసి, డిసెంబరులో రెండు పక్కల కాయలూ తినిపిస్తే ఆ గొడవ తీరుతుంది.

సీతాఫలం చలికాలం చివర ఆకు రాలుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో కొత్త చిగురుకు ముందే సన్నని, చిక్కుపడ్డ రెమ్మలు తీసెయ్యాలి. చెట్టు మీదే నల్లగా ఎండి వేలాడే పాత కాయల్నీ ఏరి పారెయ్యాలి, వాటిలోనే తెగులు దాగుతుంది. నిమ్మకు కత్తెర వీలైనంత తక్కువ. మాను నుంచి నిటారుగా, పెద్ద ముళ్లతో దూసుకువచ్చే నీటి రెమ్మలు, ఎండు పుల్లలు తీస్తే చాలు. అయితే వానలో నిమ్మను ముట్టుకోకూడదు. గజ్జి తెగులు బ్యాక్టీరియా వాన చినుకులతో, తడి కత్తెరతో ఒక రెమ్మ నుంచి ఇంకో రెమ్మకు పాకుతుంది. పొడి రోజుల్లో కోసి, గజ్జి మచ్చలున్న పుల్లల్ని కాల్చెయ్యాలి. సపోటా నిదానంగా పెరిగే చెట్టు, ఎండుకొమ్మ తప్ప ఏమీ తీయక్కర్లేదు. అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చే కొమ్మను మాత్రం ఏ చెట్టుకైనా వెంటనే తుంచెయ్యాలి. అది అంటు రకం కాదు, కింది వేరు మొక్కది. అలాంటి కొమ్మను బలంగా ఉంది కదా అని వదిలేసి, పదేళ్లకు తియ్య మామిడి పులుపైపోయిందని వాపోయే ఇళ్లు ఉన్నాయి. దానిమ్మ సముద్రం గాలి తగిలే ఊళ్లకు పెద్దగా పనికిరాదు. ఆ తేమకు కాయ మచ్చలు పడుతుంది, పగులుతుంది.

పనస మాను మీద, లావు కొమ్మల మీద కాస్తుంది. కింద కొమ్మలు అడ్డమని కొట్టేస్తే కాపులో సగం పోతుంది. అందే ఎత్తులోని లావు కొమ్మలు ఉంచి, పైన తల పొడవు తగ్గించాలి. కాయ కోశాక మాను మీద మిగిలే పాత కాడలు, వాటి దగ్గరి చిన్న పుల్లలు తీస్తే కొత్త పూత అక్కడే వస్తుంది. కొబ్బరికి మాత్రం తుపాను భయంతో పచ్చి మట్టలు కొట్టించడం నష్టం. ప్రతి మట్ట పంగలో ఒక గెల వస్తుంది, మట్ట పోతే ఆ గెలకు తిండి పోతుంది. తప్పనిసరై కోయాల్సివస్తే మూడు నాలుగు అడుగుల మొండెం ఉంచి కోయాలి. మొదట్లోకి కోస్తే పచ్చి గాయం వాసనకు ఎర్ర ముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది.

రజ ఊయల కట్టిన తాడు పండగ తర్వాత విప్పకుండా వదిలేయడం చిన్న విషయంలా కనిపిస్తుంది. బట్టలారేసే ఇనుప తీగ కూడా అంతే. ఏళ్లు గడిచే కొద్దీ కొమ్మ లావై తాడు బెరడులోకి దిగుతుంది, ఆకుల్లో తయారైన తిండి కిందికి దిగే దారి మూసుకుపోతుంది. తుపానులో కొమ్మ సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఊయల తాడు కింద పాత గోనె మడిచి పెట్టి, పండగ అవగానే విప్పెయ్యాలి. చెట్టు చుట్టూ మొదలు దాకా సిమెంటు వేయడం ఈ మధ్య ఎక్కువైంది. నేల శుభ్రంగా ఉంటుంది, వేళ్లకు మాత్రం గాలి, నీరు అందవు. కొమ్మల నీడ ఎక్కడి దాకా పడుతుందో అంత మేర పీల్చే వేళ్లు ఉంటాయి. ఎరువైనా నీళ్లైనా ఆ నీడ అంచున వెయ్యాలి, మొదట్లో కుప్పగా కాదు.

మామిడి మాను నుంచి రంపపు పొట్టు రాలుతుంటే లోపల కాండం తొలిచే పురుగు ఉన్నట్టు. తీగ దూర్చి పురుగును పొడిచి, పెట్రోలులో తడిపిన దూది పెట్టి, కన్నం మట్టితో మూసెయ్యాలి. చెట్టు మీద పచ్చగా మెరిసే బదనికను చాలామంది అందంగా ఉందని వదిలేస్తారు. పిట్టలు జిగట గింజను కొమ్మ మీద రాసిపోతే మొలిచేది ఇది. వేరు కొమ్మ లోపలే ఉంటుంది కాబట్టి బదనికను మాత్రమే పీకితే మళ్లీ వస్తుంది. అది పుట్టిన చోటుకు కనీసం అడుగు కిందికి కొమ్మతో సహా కోయాలి. అది కూడా పండు రాకముందే.

కొరాపుట్, సెమిలిగుడ వైపు లెక్క కొంచెం మారుతుంది. అక్కడ నేల మూడు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. పూత ఆలస్యం, కోత ఆలస్యం, కోత అయ్యాక దొరికే రోజులు తక్కువ. కాబట్టి కొండ మీద మామిడికి జూలై దాటాక పెద్ద కోతలు పెట్టకుండా, కాయ కాడలు కత్తిరించి ఊరుకోవడం మంచిది. అక్కడి ఎర్రనేల పులుపు కూడా ఎక్కువ. ఏటా ఎరువు వేసినా చెట్టు లేవలేదంటే మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే సున్నం వెయ్యాలి. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాలు ఆ పరీక్ష చేస్తాయి.

ఇంత చేసినా గాలి గాలే. 2013లో గంజాం తీరంలో వీచిన గాలికి ఏ కత్తిరింపూ పూర్తి రక్ష కాదు. గాలి వెళ్లాక మొదటి వారం కీలకం. ఒరిగిన చిన్న చెట్టును నేల ఇంకా మెత్తగా ఉండగానే లేపి, తల మూడో వంతు తగ్గించి, తేలిన వేళ్ల మీద మట్టి కప్పి, మూడు వైపుల నుంచి ఊతకర్రలు పెట్టాలి. పెద్ద చెట్టును లేపినా సాధారణంగా బతకదు. విరిగిన కొమ్మల్ని చీలిక కిందికి శుభ్రంగా కోసి పేస్టు రాస్తే మామిడి, పనస చాలా వరకు తిరిగి చిగురిస్తాయి. ఆకంతా మాడి గోధుమ రంగుకు తిరిగిన చెట్టు చచ్చిందని వెంటనే కొట్టించెయ్యకూడదు. గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా ఉందంటే మూడు నెలలు ఆగొచ్చు. కూలిన కొబ్బరి మానులు మాత్రం ఒక్క నెల కూడా పెరట్లో ఉండకూడదు. కుళ్లే మానులో కొమ్ము పురుగు, ఎర్ర ముక్కు పురుగు పెరిగి, తర్వాతి ఏడు గాలికి నిలిచిన చెట్లను తింటాయి. కోసి, చీల్చి, ఎండబెట్టి పొయ్యిలోకి వాడెయ్యాలి. వీధిలో ఒక ఇల్లు ఆ పని చేసి, పక్క ఇల్లు చెయ్యకపోతే లాభం సగమే.